గుడివాడ షీల్డులో మేం ఎక్స్‌ట్రాలం

ఒకప్పుడు బందరులో ఫుట్‌బాల్ కోసం ప్రాణం పెట్టేవాళ్లుండేవారని కొందరు పెద్దమనుషులు ఇప్పటికీ సభల్లో చెబుతుంటారు. వింటే నాకు ఒళ్లు మండుతుంది. ప్రాణం పెట్టిన మనిషిని నేను ఒక్కణ్ణే చూశాను. ఆయన ఈ ఊరివాడు కాదు, ఈ దేశం వాడే కాదు.

అరవైల మొదట్లో తూర్పు ఆఫ్రికా నుంచి ఒక కుర్రాడు మిషన్ వాళ్ల సాయంతో బందరు కాలేజీలో చదవడానికి వచ్చాడు. ఇరవై ఏళ్లుంటాయేమో. వాళ్ల దేశానికి అప్పుడప్పుడే స్వతంత్రం రాబోతోంది. ఆదివారాలు కాలవ అవతలున్న మా క్రైస్తవుల పేటలోని చర్చికి వచ్చి, వెనక వరసలో చాప మీద మాతోపాటే కూర్చునేవాడు. మేం ఆయన్ని బ్రదర్ గారూ అనేవాళ్లం. మా పేటలో సగంమంది మగవాళ్లు పెద్దరైతుల దగ్గర పాలేర్లు. మా నాన్నా అంతే.

ఒక ఆదివారం మేం గుడ్డపీలికలు చుట్టిన బంతితో ఆడుకుంటుంటే చూసి, కోటు విప్పి చెట్టుకొమ్మకి తగిలించి మాలో కలిసిపోయాడు. మరుసటి వారం నిజమైన తోలుబంతి తెచ్చాడు. ఇక రోజూ సాయంత్రం అదే పని. సముద్రం వైపు వెళ్లే దారిలో పైరు పండని చవిటినేల ఉంటే అక్కడ సరుగుడు కర్రలు పాతి గోల్ కట్టాం. పల్లెకారుల పిల్లలు కూడా చేపల వేట నుంచి వచ్చి, ఒంటి మీది ఉప్పయినా కడుక్కోకుండా పరిగెత్తుకొచ్చేవాళ్లు. ఆయన మమ్మల్ని అవనిగడ్డ దాకా తీసుకెళ్లి దివిసీమ కుర్రాళ్లతో పందెం ఆడించాడు. గెలిచాం కూడా.

ఆయన తెలుగు హాస్టల్లో వంటాయన దగ్గర నేర్చుకున్నది. ఎవరితో మాట్లాడినా "అండీ" తగిలించేవాడు. "పరిగెత్తండి! బంతి వదలండి! ఏమండీ, నిద్రపోతున్నారా?" అని అరుస్తుంటే మేం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లం. నవ్వాం గానీ, పేట బయటి మనిషి నన్ను "మీరు" అనడం అదే మొదలు. అప్పటికి నాకు పదహారేళ్లు.

బందరు ఫుట్‌బాల్ క్లబ్బుకీ ఆయన ఆడేవాడు. గోల్ కొట్టిన రోజు ఆయన అందరికీ "మనవాడు". మర్నాడు బజార్లో నడుస్తుంటే పిల్లమూక వెంటపడి వెక్కిరించేది. నిన్న చప్పట్లు కొట్టిన పెద్దలే అరుగుల మీద కూర్చుని పళ్లికిలించేవాళ్లు. ఆ పిల్లల్ని ఒక్కడూ అదిలించేవాడు కాదు.

ఆ ఏడు గుడివాడలో షీల్డు పోటీ పెట్టారు. మా నాన్న పాలేరుతనం చేసే కామందే క్లబ్బు ప్రెసిడెంటు. బ్రదర్ గారు ఆయన దగ్గరికి వెళ్లి ఒకే మాట చెప్పాడు. నేనూ, అన్నదమ్ములైన ఇద్దరు పల్లెకారుల కుర్రాళ్లూ టీములో ఉంటేనే తను ఆడతానన్నాడు.

"దానికేం భాగ్యమయ్యా! ముగ్గురూ ఉంటారు," అని ప్రెసిడెంటు ఆయన భుజం తట్టి పంపించాడు.

మాకు జెర్సీలిచ్చారు. పసుపు రంగు, ఎర్ర కాలరు. మా నాన్న చేతులు తుడుచుకుని నా జెర్సీ పట్టుకుని చూశాడు. ఆయన ఎన్నడూ గ్రౌండుకి వచ్చినవాడు కాదు.

"ఏ పక్క ఆడతావురా?" అని అడిగాడు.

"కుడిపక్క."

"అయితే ఆ పక్కనే నుంచుంటాలే."

పోటీ రోజు పొద్దున రైల్లో గుడివాడ వెళ్లాం. ప్రెసిడెంటు గారి సామాను మోయడానికి నాన్న కూడా వచ్చాడు. నెత్తిన మంచినీళ్ల కుండ, చేతిలో నిమ్మకాయల సంచీ. పెడన దాటాక నన్ను చూసి ఊరికే నవ్వాడు. మా నాన్న అలా నవ్వగా అంతకుముందు నేను చూడలేదు.

గ్రౌండు చుట్టూ జనం విరగబడి ఉన్నారు. అందరినీ వరసగా నిలబెట్టి ఫొటో తీశారు. తరవాత కెప్టెన్ పదకొండు పేర్లు చదివాడు. మా పేర్లు లేవు.

"మీరు ఎక్స్‌ట్రాలు. గీత అవతల కూర్చోండి," అన్నాడు.

ఇప్పుడంటే ఆట మధ్యలో ఒకణ్ణి బయటికి పంపి ఇంకొకణ్ణి దించుతున్నారు. అప్పుడా పద్ధతి లేదు. పదకొండుమంది దిగారంటే చివరిదాకా వాళ్లే. ఒకడి కాలు విరిగితే పదిమందితో ఆడాల్సిందే. ఎక్స్‌ట్రా అంటే ఆడనివాడని అర్థం.

బ్రదర్ గారు ప్రెసిడెంటు దగ్గరికి వెళ్లి అడిగాడు.

"టీములో ఉంటారన్నాను, ఉన్నారుగా? జెర్సీలిచ్చాం, ఫొటోలో నుంచోబెట్టాం. ఇంకేం కావాలి?" అన్నాడాయన.

బ్రదర్ గారు గిరుక్కున తిరిగాడు. మా పక్కకొచ్చి చతికిలబడి బూట్లు విప్పేశాడు. "అయితే నేనూ ఎక్స్‌ట్రానేనండి," అన్నాడు.

అవతలి టీము అప్పటికే దిగి నిలబడింది. రెఫరీ ఈల వేస్తున్నాడు. జనం కేకలు మొదలెట్టారు. ప్రెసిడెంటు మొహంలో నెత్తురు చుక్క లేదు. గబగబా నా దగ్గరికొచ్చి, "ఒరే, నువ్వు చెబితే వింటాడు. లేవమని చెప్పు," అన్నాడు. నేను తల దించుకుని గడ్డి పీకుతూ కూర్చున్నాను. ప్రెసిడెంటు అటూ ఇటూ చూశాడు. కుడివైపు గీత దగ్గర నీళ్లకుండతో నిలబడ్డ మా నాన్న కనిపించాడు.

"ఏరా, నీ కొడుక్కి బలిసిందే! ఆ మనిషిని నువ్వు లేపుతావా, రేపట్నించి వేరే పని చూసుకుంటావా?"

నాన్న కుండ కింద పెట్టాడు. తలపాగా విప్పి చంకలో పెట్టుకుని, తన కొడుకులాంటి ఆ కుర్రాడి ముందు వంగి చేతులు జోడించాడు.

"బాబ్బాబు, ఆడండి బాబూ. అయ్యగారి పరువు పోద్ది."

బ్రదర్ గారు నా మొహంలోకి చూశాడు. నేను కుండ వైపు చూశాను. ఆయన నెమ్మదిగా బూట్లు తొడుక్కున్నాడు.

క్లబ్బు గెలిచింది. రెండు గోల్సూ ఆయనే కొట్టాడు. బంతి ఆయన కాలికి తగిలినప్పుడల్లా అది పక్కకి పోవాలని నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఆ దేవుడు కూడా నా మాట వినలేదు. ఆయన్ని భుజాల మీద ఎత్తుకుని ఊరేగించారు. మా దగ్గరికి మాత్రం క్లబ్బు గుమాస్తా వచ్చి, "మాసిపోలేదుగా, జెర్సీలిటివ్వండి. ఉతికే పని తప్పింది," అన్నాడు.

తరవాత బ్రదర్ గారు క్లబ్బు మొహం చూడలేదు. చదువు ముగించుకుని వెళ్లేదాకా పేట పిల్లలకి మాత్రం ఆట నేర్పుతూనే ఉన్నాడు. గుడివాడ నుంచి వచ్చిన మర్నాడు సాయంత్రం కూడా బంతి పట్టుకుని వచ్చాడు. పల్లెకారుల అన్నదమ్ములు రాలేదు. నేను వెళ్లాను.

"మీ నాన్నగారు నన్ను ఆడమని దణ్ణం పెట్టారు. మిమ్మల్ని ఆడించమని ప్రెసిడెంటు గారిని ఎందుకు అడగలేదండీ?" అన్నాడు.

తెలియకే అడిగాడు. కానీ ప్రెసిడెంటు మీద, గుమాస్తా మీద, దణ్ణం పెట్టిన మా నాన్న మీద ఉన్న కోపమంతా ఆయన మీదే విరుచుకుపడింది.

"మీకేం, చదువైపోతే ఓడెక్కి పోతారు. మా నాన్న తెల్లారితే ఆ దొడ్లోనే పేడ ఎత్తాలి!" అని అరిచి వచ్చేశాను.

ఇంటికొచ్చేసరికి నాన్న గడపలో కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు.

"బ్రదర్ గారు వచ్చారా? ఏవన్నారు?"

"నన్ను ఆడించమని అయ్యగారిని నువ్వెందుకు అడగలేదన్నారు."

నాన్న చుట్ట నోట్లోంచి తీశాడు.

"అడగొచ్చంటావా?" అన్నాడు.

వెటకారానికి అనలేదు. నేనేం చెబుతానా అని నా మొహం వంకే చూస్తూ కూర్చున్నాడు.