పొగగొట్టం కింద అడవి బాతులు

పోయిన నెలలో మా ఫోటోల వాట్సాప్ బృందంలో నేను పెట్టిన అడవి బాతుల ఫోటో చూసి, బృందం పెద్దాయన అందరి ముందూ ఇలా రాశారు: "పటాన్‌చెరు దగ్గర ఈ బాతులా? చోటు తప్పు రాసినట్టున్నారు. పక్షులు కావాలంటే సముద్రతీరానికి వెళ్లండి." ఫోన్‌తో తీసిన ఫోటో మసకగా ఉన్న మాట నిజమే. కానీ చోటు తప్పు కాదు. నేను కాజీపల్లిలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ విభాగంలో పనిచేస్తాను. నాన్న కోస్తా నుంచి ఉద్యోగానికి ఇక్కడికి వచ్చారు. నేను పుట్టింది, పెరిగింది ఈ పొగలోనే. కళ్లారా చూసినదాన్ని అబద్ధమనిపించుకుని ఊరుకోవడం నా వల్ల కాలేదు. తోటి ఉద్యోగి సునీత దగ్గర పెద్ద లెన్సున్న కెమెరా అడిగి తీసుకున్నాను. ఈసారి బాతుల వెనక ఫ్యాక్టరీ పొగగొట్టం కూడా పడాలి. అప్పుడు చోటు గురించి ఎవరు మాట్లాడతారో చూద్దామనుకున్నాను.

గురువారం నాకు వారపు సెలవు. పొద్దున ఐదున్నరకు ఇస్నాపూర్ చౌరస్తాలో దిగేసరికి చలికి పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. ఆ వేళకు షేర్ ఆటోలు దొరకవు. చిట్కుల్ దాటాక వచ్చే చెరువు కట్ట దాకా నూటయాభైకి ఆటో మాట్లాడుకున్నాను.

"గీ సలిల, చెరువు కాడ ఏం పని అక్కా?" అన్నాడు డ్రైవరు.

"పిట్టల ఫోటోలు తీయాలి."

"గీడ పిట్టలేడియి? అన్నీ కంపెనీలేనాయె!"

ఇతనూ అదే మాట. మంకీ క్యాప్ కిందికి లాక్కున్నాను.

ఆరింటికి కట్ట ఎక్కాను. నీటి మీదుగా వచ్చే గాలి శాలువాలోంచి దూరి ఎముకల్ని తాకుతోంది. గాలితో పాటు ముక్కు మండించే మందుల వాసన. అవతలి ఒడ్డున ఫ్యాక్టరీ ప్రహరీ గోడ, దాని వెనక పొగగొట్టం. మంచులో నీళ్లెక్కడో, నేలెక్కడో తెలియలేదు. చేపలు పట్టే మల్లయ్య అనే ముసలాయన వల దులుపుతూ కనిపించాడు. తల మీద రెండు నల్ల పట్టీలుంటాయే, ఆ బాతులు వచ్చాయా అని అడిగాను.

"అచ్చినయి బిడ్డా. గోడ దిక్కు గడ్డిల మేస్తున్నయి. చేపలు సగమైనయి గని, గవి మాత్రం రాకడ ఇడువలే. ఒద్దంటే ఆగుతయా?"

హిమాలయాల అవతలి నుంచి ఎగిరి వచ్చే బాతులవి. వాటి కోసం నేను కిలోమీటరు నడవలేనా? కట్ట దిగి ఒడ్డు వెంట గోడ వైపు నడిచాను. దారిలో కాలు జారి మోకాలి దాకా నల్ల బురదలో దిగబడ్డాను. కెమెరాను తల మీదికెత్తి కాపాడుకున్నాను గానీ చెప్పొకటి బురదలోనే ఉండిపోయింది. ఒంటి చెప్పుతో కుంటుతూ వెళ్లి, బాతులకు వంద అడుగుల దూరంలో గడ్డిలో బోర్లా పడుకున్నాను. పదకొండు బాతులున్నాయి. మొదటి ముప్పై ఫోటోలూ పాడయ్యాయి. చలికి వేళ్లు కొయ్యబారాయి, నా ఊపిరి ఆవిరే కెమెరా అద్దం మీద పేరుకుంది.

అప్పుడే పక్క నుంచి కేక: "మేడమ్, ఇధర్ ఫోటో మనా హై!" ఇక్కడ ఫోటోలు తీయొద్దంటూ గోడ దగ్గరి వాచ్‌మన్. బాతులు మెడలెత్తాయి. అయినా నేను లేవలేదు.

"గోడ లోపల మీది భయ్యా. చెరువు ఊరిది. నేను చెరువునే తీస్తున్నా," అన్నాను మెల్లగా. అతను సూపర్‌వైజర్‌ని పిలుస్తానన్నాడు. "పిలవండి. వచ్చేదాకా ఇక్కడే ఉంటా."

లొల్లి విని మల్లయ్య గట్టు మీదుగా వచ్చాడు. "ఏంది లొల్లి? ఆమె పిట్టల ఫోటో దీస్తే నీదేం పోయింది? జెర సప్పుడు జేయకు, ఎగిరిపోతయి!" అని అతని పక్కనే గట్టు మీద కూర్చుని బీడీ ఇచ్చాడు. వాచ్‌మన్ కాసేపు గొణిగి తీసుకున్నాడు.

ఎనిమిదింటికి షిఫ్టు సైరన్ మోగింది. ఎగిరిపోతాయని బిగుసుకుపోయాను. ఒక్కటీ ఎగరలేదు. పదకొండూ ఒకేసారి మెడలు నిటారుగా లేపి, పొగగొట్టం వైపు తిరిగి నిలబడ్డాయి. నొక్కాను. ఈసారి ఫోటో పాడవలేదు.

ఇంటికొచ్చి దాన్ని బృందంలో పెట్టాను. ఆ సాయంత్రమే బృందం పెద్దాయన ఫోన్ చేశారు. "బాగుందమ్మా, నాదే పొరపాటు. ఆ పొగగొట్టం ఒక్కటి కత్తిరిస్తే మన బృందం ఫోటోల ప్రదర్శనలో పెడతాం." కత్తిరించనన్నాను. "అయితే కష్టం," అన్నారు. పెట్టొద్దన్నాను. అదే ఫోటో పెద్దది చేయించి మల్లయ్యకిచ్చాను. ఇప్పుడది చేపలవాళ్ల సంఘం గదిలో గోడకుంది.

అందమైన చోట్లకు వెళ్లేవాళ్లను నేనేమీ అనను. కానీ పాడైన చోటని మనం వదిలేసిన నీళ్లకు ఈ బాతులు ఏటా వస్తున్నాయి. వస్తున్నన్నాళ్లూ ఈ చెరువు చచ్చిపోయిందంటే నేను ఒప్పుకోను. బాగుచేయమని అధికారులను అడగడానికి కూడా ఆ ఫోటోనే పట్టుకెళ్తాను.

మీరూ ఆ బాతుల్ని చూడ్డానికి వెళ్తే ఖాళీ సిమెంటు సంచి ఒకటి దులిపి వెంట తీసుకెళ్లండి. తడి నేల మీద పరుచుకుంటే రెండు గంటలు కదలకుండా పడుకోగలరు. కదిలేవాళ్లను అవి దగ్గరికి రానివ్వవు.