ఇంటూ కొడితే తగిలినట్టు

మొన్న శనివారం మా మనవరాలు తన కాలేజీ తుపాకీ జట్టుతో పందేనికి వెళుతూ నన్నూ వెంటబెట్టుకెళ్లింది. పిల్లల ఆసుపత్రికి విరాళాల కోసం ఏటా పెట్టే పందెం అది. లెక్క రాసే మనిషి రాలేదని పలకంత టాబ్లెట్ ఒకటి నా చేతిలో పెట్టి, "అమ్మమ్మా, తగిల్తే గ్రీన్ టచ్ చెయ్, మిస్ అయితే రెడ్. అంతే, ఈజీ" అంది. ఈజీయే. కానీ ఇరవై ఏళ్ల కిందట ఇదే మైదానంలో నేను చేసిన నిర్వాకం గుర్తొచ్చింది.

అప్పట్లో ఇక్కడే, అమెరికాలోని ట్రాయ్ అనే ఊళ్లో ఒక బడి వంటగదిలో గిన్నెలు కడిగేదాన్ని. అమ్మాయీ అల్లుడూ వద్దన్నా, ఇంట్లో కూర్చుని గోడలు చూడడం నావల్ల కాదని నేనే వెళ్లాను. మా వంటగది పెద్దావిడా, కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన ఆమె భర్తా ఏటా ఈ పందేనికి వచ్చేవారు. ఆ ఏడాది ఆయన చూపు బాగా తగ్గుతోందని, ఇక తుపాకీ పట్టొద్దని డాక్టరు చెప్పేశాడు, అందుకని అదే ఆయన ఆఖరి పందెం. లెక్క రాయడానికి ఆవిడ నన్ను రమ్మంది. నాకు చదువు ముప్పై అయిదేళ్లు దాటాక వచ్చిందని ఆవిడకు తెలియదు, నేను చెప్పనూ లేదు.

చిన్నప్పుడు బడికి పోవలసిన వయసులో జొన్న చేలో మంచె ఎక్కి వడిసెలతో పిట్టల్ని తోలినదాన్ని, ఎగిరేదాన్ని కనిపెట్టడం నాకొకరు నేర్పక్కర్లేదు. ఇక్కడివి మట్టి పిట్టలు. సాసరంత బిళ్లలు, నారింజ రంగువి, అయినా వీళ్లు వాటిని పిట్టలనే అంటారు. అయిదుగురు ఒక జట్టు, మనిషికి యాభై పిట్టలు. చెవుల్లో బిరడాలు పెట్టుకుని, తమ వంతు వచ్చేదాకా తుపాకీని పేలకుండా మధ్య కీలు దగ్గర మడిచి పట్టుకుని నిలబడతారు. వంతు వచ్చినవాళ్లు "పుల్" అనగానే (నాకది పూలు అన్నట్టే వినపడేది) యంత్రం పిట్టను గాల్లోకి విసురుతుంది. చిన్న పెంకు రాలినా తగిలినట్టే, ఉత్త దుమ్ము రేగితే తగలనట్టే. తగిలితే ఇంటూ, తప్పితే సున్న వెయ్యమని ఆవిడ చెప్పే ఉంటుంది. బిరడాలు పెట్టుకున్న నా చెవికి అది ఎక్కలేదు.

నాకు అక్షరాలు దిద్దించింది మా అమ్మాయి, అది ఆరో తరగతి చదివేటప్పుడు. ఒప్పయితే అక్షరం చుట్టూ సున్న చుట్టేది, తప్పయితే ఎర్ర పెన్సిల్‌తో బరబరా ఇంటూ కొట్టేది. ఆ ఇంటూ ఎలా గుచ్చుకుంటుందో మన ఈడువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అందుకని పిట్ట పగిలినప్పుడల్లా సున్న చుట్టాను, తప్పినప్పుడల్లా ఇంటూ కొట్టాను. అంత శ్రద్ధగా జన్మలో ఏదీ రాయలేదు.

భోజనాల దగ్గర జట్టుకొక కప్పు చొప్పున ఇచ్చారు. మా జట్టులో కప్పు పళ్ల డాక్టరుకొచ్చింది. పొద్దుట్నుంచీ ఆకాశాన్నే కాల్చిన మనిషి, తన వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసుకున్నాడు. పెద్దావిడ భర్త పేరు అట్టడుగున చదివారు, యాభైకి ఏడు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "నాకు తగిలినట్టే కనపడింది. కళ్లు అంతగా పోయాయన్నమాట" అన్నాడు భార్యతో.

అప్పుడు వెలిగింది నాకు. లేచి చెబితే నా చదువు సంగతి అందరికీ తెలిసిపోతుంది, ఊరుకుంటే ఈ మనిషి చూసిందాన్ని కూడా నమ్మడం మానేస్తాడు. లేచాను. "మిస్టేక్ నాది. నేను లేటుగా చదువుకున్నా. మాకు ఇంటూ అంటే తప్పు" అని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పి, ఇంటూ అంటే ఏమిటో తెలియడానికి రెండు వేళ్లు అడ్డంగా పెట్టి చూపించాను. పెద్దావిడ కాగితం లాక్కుని మళ్లీ లెక్కపెట్టింది. పళ్ల డాక్టరు కప్పు తెచ్చి ఆయన ముందు పెట్టి, "బతికించారు, ఇది ఇంటికి తీసుకెళ్తే మా ఆవిడ నమ్మేది కాదు" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన మాత్రం నవ్వకుండా నా చెయ్యి పట్టుకుని, "నలభై మూడా?" అని రెండుసార్లు అడిగాడు.

ఆ తరవాత ఆయన తుపాకీ పట్టలేదు. ఏటా లెక్క రాసే నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు, తుపాకీ పేలిన ప్రతిసారీ నావైపు వంగి "ఇంటూ?" అని అడిగేవాడు. నేను ఇంటూ అని చెబితే తృప్తిగా తలాడించేవాడు. ఆరేళ్లు అలా గడిచాక ఆయన పోయాడు. ఆవిడ కూతురి దగ్గరికి వేరే ఊరు వెళ్లిపోయింది.

ఇప్పుడా తప్పు చేద్దామన్నా కుదరదు, నాకెన్ని అక్షరాలొచ్చో టాబ్లెట్ అడగదు. మంచిదే. మొన్న మనవరాలి పిట్ట ముక్కలై రాలగానే ఆకుపచ్చ నొక్కాను, నొక్కి, అలవాటు కొద్దీ పక్కకు తిరిగి "ఇంటూ" అన్నాను. పక్క కుర్చీలో మనవరాలి కోటు ఉంది.