గొల్లపల్లికి ఇస్తానన్న పిల్ల

కిష్టారం దగ్గరి ఊళ్ళో ఉండే ఒక అవ్వ, ఎవరొచ్చినా మంచినీళ్ళకంటే ముందు "మీదేం గట్టు?" అని అడిగేది. గట్టంటే అక్కడి దోర్లా గిరిజనుల గోత్రం. ఒకే గట్టు వాళ్ళు అన్నాచెల్లెళ్ళ కిందే లెక్క. గనుల కాలనీ ఆసుపత్రి నుంచి నెత్తురు పరీక్షలకు వెళ్ళిన నన్నూ అడిగింది. నాకు గట్టు లేదంటే జాలిపడింది.

"మరి నీకు పిల్లనెట్ల ఎతికిన్రు బిడ్డా?"

నేను సీసాల మీద ఆ ఊరి పేరు రాస్తుంటే ఆపింది.

"ఈ ఊరని రాస్తవేంది? ఇక్కడి కోడళ్ళందరం గొల్లపల్లిలనే పుట్టినం. ఆ ఇంటి పిల్ల ఈడికొస్తే, ఈ ఇంటి పిల్ల మళ్ళ ఆడికి పోవాలె."

తనను ఈ ఊరికి ఇచ్చిన గొల్లపల్లి అన్న ఇంటికి మనవరాలిని ఇస్తానని ఆమె ఎప్పుడో మాటిచ్చింది. నేను సిగ్గుపడి, పుట్టిన ఊళ్ళు కూడా రాసుకున్నాను. ఆ వారమే గొల్లపల్లికీ వెళ్ళి నెత్తురు తీసుకున్నాను.

నెల తర్వాత ఫలితాలు తీసుకెళ్ళాను. మనవరాలి నెత్తుట్లోనూ, గొల్లపల్లి పెళ్ళికొడుకు నెత్తుట్లోనూ నెత్తురు కణాలను కొడవలిలా వంచే ఒకే సికిల్ సెల్ లోపం ఉంది. వాళ్ళిద్దరూ బాగానే ఉన్నారు, భయమంతా పుట్టబోయే పిల్లల గురించే; తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ ఆ లోపం వస్తే బిడ్డకు జబ్బు ఖాయం. ఎన్ని తరాలుగానో ఆ రెండిళ్ళ మధ్య ఆడపిల్లలతో పాటు ఆ లోపమూ వస్తూ పోతూ ఉంది. ఉన్నదున్నట్టు చెప్పాను.

అవ్వ వేళ్ళ మీద గట్టులన్నీ మళ్ళీ లెక్కేసుకుంది.

"గట్టయితే తప్పలే గద బిడ్డా?"

"తప్పలేదవ్వా."

ఆమె లేచి చీర కొంగు దోపుకుంది. గొల్లపల్లికి నన్నూ తోడు రమ్మంది.

"కాయితం నువ్వు సదువు. మాట తప్పేది నేను తప్పుత."