మామయ్య హస్తవాసి

మా మామయ్య, అంటే మా ఆయన వాళ్ళ నాన్నగారు, వాచీలు బాగుచేసేవారు. బజారు మలుపులో, మెట్ల కింద, కూర్చుంటే మోకాళ్ళు గోడకు తగిలేంత కొట్టు. ఎడమ కంటికి భూతద్దం బిగించి, పట్టకారుతో ఆవగింజంత మరను పట్టుకున్నప్పుడు ఊపిరి కూడా బిగబట్టేవారట. ఆయన హస్తవాసి మంచిదని, చచ్చిన వాచీ కూడా లేచి కూర్చుంటుందని బజారంతా అనుకునేవారు. అలాంటి చేతికి వణుకు పట్టుకుంది. ఒకరోజు ఓ పాత గిరాకీ తన వాచీని ఆయన చేతిలోంచి మెల్లగా వెనక్కి తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే మామయ్య కొట్టు మూసేశారు.

అప్పటి నుంచి చేతులు చంకల్లో దోపుకునే కూర్చునేవారు. మేమంతా తిన్నాక గదిలో ఒక్కరే తినేవారు. ఎవరైనా వస్తే నిద్ర నటించేవారు. మందులతో కాస్త తగ్గుతుంది గానీ పోదని డాక్టర్లు చెప్పారు. వణుకు అనే మాట మాత్రం ఆయన నోట ఎప్పుడూ రాలేదు. మనిషి ఇంట్లో ఉండి కూడా మాకు లేకుండా పోతున్నారని మా ఆయనకీ నాకూ దిగులు.

దానికి తోడు నా టమాటాల బాధ. మాది మూడో అంతస్తు. పావురాల గొడవ పడలేక బాల్కనీ అంతా సన్నటి వల కొట్టించాం. ఎదురుగా పక్క బిల్డింగు గోడ. ఆ ఇరుకులోనే పాత బకెట్లలో టమాటా వేశాను. ఎండాకాలంలో పూత రాలితే వేడికేమో అనుకుని తడి గోనెపట్టాలు కట్టాను. మళ్ళీ నారు పోస్తే వానల్లోనూ రాలింది. తేమకేమో అనుకుని బకెట్లకు ఇంకో రెండేసి చిల్లులు పొడిచాను. చలికాలం వచ్చింది. టమాటాకు అంతకన్నా మంచి కాలం లేదు. మొక్కలు నా భుజం దాకా లేచాయి, గుత్తులు గుత్తులుగా పూశాయి, కాడలు పసుపెక్కి మళ్ళీ రాలాయి. మూడు పువ్వులు, ఆరు కాయలు అంటారు. మా ఇంట మూడు పూస్తే మూడూ చీపురు పాలే. మొక్కల కొట్టతను అమ్మిన మందులన్నీ పోశాను. మొక్కల మీద అరిచాను కూడా. నిన్ను చూసి భయపడి రాలుస్తున్నాయేమో అన్నాడు మా ఆయన. ఆ పూట ఆయనకు ఉప్పు లేని కూర పెట్టాను.

ఒక మధ్యాహ్నం వంటింటి కిటికీలోంచి చూస్తే మామయ్య బాల్కనీలో ఉన్నారు. ఎన్నాళ్ళకో కంటికి భూతద్దం. పువ్వును దగ్గరగా చూద్దామని కాడ పట్టుకున్నారు. చెయ్యి వణికింది, దాంతో పాటు గుత్తంతా వణికింది. ఉన్న పూత కూడా పోయిందనుకున్నాను. ఆయన చెయ్యి లాక్కోబోయి ఆగారు. బొటనవేలి గోరు వైపు చూసుకున్నారు. తర్వాత కావాలనే ఇంకో గుత్తి పట్టుకున్నారు.

నేను వెళ్తే చేతులు దాచుకోలేదు. గోరు చూపించారు. దాని మీద లేత పసుపు పొడి, కంటికి ఆనీ ఆనకుండా ఉంది.

"పొడి లోపలే ఉండిపోయిందమ్మా, దులిపేవాళ్ళు లేక. వల కట్టేశాం కదా, తేనెటీగ రాదు. గోడ అడ్డం, గాలీ రాదు" అన్నారు.

భూతద్దం నా కంటికి పెట్టి మరో పువ్వు పట్టుకున్నారు. దాని నడుమ గొట్టంలాంటిది ఉంది. ఆయన చేతి వణుకుకి అందులోంచి పొడి సన్నగా జారింది. ఇన్ని కాలాలు నీళ్ళు పోశాను గానీ, పువ్వులో ఇంత పని జరుగుతుందని నాకు తెలియదు.

కొన్నాళ్ళకు ఆ పూలు వాడాయి, రాలలేదు. ఒక్కోదాని వెనక మిరియపు గింజంత పచ్చటి పిందె. ఆయన పట్టుకున్న ప్రతి గుత్తిలోనూ ఉన్నాయి. ఊరంతా తిరిగి మందులు తెచ్చాను, మనిషి ఇంట్లోనే ఉన్నారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా? పోతే బాగుండునని మేమంతా కోరుకున్న వణుకు అది. ఆ పిందెల ముందు నిలబడితే నాకు నోట మాట రాలేదు. కాయలకన్నా అదే పెద్ద వింత అన్నాడు మా ఆయన.

నా నోట్లో నువ్వుగింజ నానదు. బిల్డింగంతా చెప్పుకొచ్చాను. ఒక ఉదయం పై అంతస్తు టీచరమ్మ వచ్చింది. వాళ్ళదీ వల కట్టిన బాల్కనీయే. వంగ పూత నిలవడం లేదట, ఒక్కసారి వచ్చి చూడమని మామయ్యను అడిగింది.

ఆయన నా వైపు చూశారు, నేల వైపు చూశారు. నిద్ర నటించడానికి వీల్లేదు, నిలబడే ఉన్నారు.

"నాకు చెయ్యి వణుకుతుందమ్మా" అన్నారు.

"తెలుసు అన్నయ్యగారూ. అందుకే వచ్చాను."

మామయ్య రెండు చేతులూ ముందుకు చాచి, ఎవరివో చూసినట్టు కాసేపు చూసుకున్నారు. తర్వాత చెప్పులేసుకుని, ఆమె కన్నా ముందే మెట్లెక్కారు.