నాలుగు వేళ్ల నీరు

ఛత్రపూర్‌లో బరంపురం బస్సెక్కినప్పుడు నా సంచిలో మా ఇంటి దస్తావేజు ఉంది. జీతంలో మిగుల్చుకున్న డబ్బుతో పెట్టిన నా రాగి బిస్కెట్ల కంపెనీకి మొదటి పెద్ద ఆర్డరు వచ్చింది. సరుకు ఇప్పుడే ఇవ్వాలి, డబ్బు మూడు నెలల తర్వాత. పిండికీ ప్యాకెట్లకూ ఇల్లు తాకట్టు పెట్టక తప్పదు. ఇలా పెద్ద ఆర్డర్లు తీసుకోవడం వల్లే మునిగిపోయిన కంపెనీల గురించి లైబ్రరీలో చాలా చదివాను. చదివాను కాబట్టే ఎక్కువ భయపడ్డాను.

"ఏటి బాబూ, అలా సెమటలు పట్టేసినాయి? ఒంట్లో బాగునేదా?" అంది పక్కసీటు పెద్దావిడ. హుమ్మ ఊరి ఉప్పు మడుల్లో పనిచేస్తుందట.

పెట్టుబడి గురించి నేను చదివిందంతా ఆవిడకు చెప్పేశాను. ఆవిడ నవ్వింది.

"ఆ సదువు నాకు రాదు గానీ, మా మడిలోకి ఇంతే నీరు ఒగ్గుతాం" అని నాలుగు వేళ్లు అడ్డంగా పెట్టి చూపింది. "నిండా ఒగ్గీసినావనుకో, ఎండ సాలదు. ఉప్పు కట్టదు."

"మరి మిగతా నీరు, అమ్మా?"

"ఉన్నది ఒక్క మడి. మిగతా సముద్రంతో మనకేటి పని?"

బరంపురంలో దిగి, ఆర్డరులో పదో వంతే ఇవ్వగలనని, అది ఇచ్చిన టోకు వ్యాపారితో చెప్పాను. ఆయన ఆర్డరంతా ఇంకొకరికి ఇచ్చేశాడు.

ఇప్పుడు యాభేసి ప్యాకెట్లు పట్టుకుని నేనే దుకాణాలకు తిరుగుతున్నాను. నెలాఖరు వస్తోందంటే ఇప్పటికీ భయమే. కాకపోతే, సొంత ఇంట్లో కూర్చుని భయపడుతున్నాను.