అక్కడ ఏమీ లేదనుకో

కిరండూల్ ఆఫీసులో మా సీనియర్ ఏ ప్రోగ్రామ్ రాసినా దానికి కావలసినవన్నీ లోపలే పెట్టి, ఒకే ఫైలుగా కట్టేవారు. హిందీ, తెలుగు ఫాంట్లతో సహా. ఇంత లావు ఫైలెందుకని నాకు ఒళ్లు మండేది.

"అక్కడ ఏమీ లేదనుకో" అనేవారు, అంతే. ఇచ్చేముందు నెట్ వైరు పీకేసి, తెరిచి చూసేవారు.

టీకాల ప్రోగ్రామ్ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇద్దరం కిష్టారం ఆరోగ్య కేంద్రానికి వెళ్లాం. నిజంగానే నెట్ లేదు. నర్సమ్మ ఓ పాప పేరు కొడితే రెండు భాషల్లోనూ సరిగ్గా పడింది.

మధ్యాహ్నం ఆయన సంచిలోంచి అన్నం డబ్బా, నీళ్ల సీసా, ఆఖరికి ఉప్పు పొట్లం కూడా తీశారు.

"అదేంది సారూ, మీ ఇద్దరికీ వండిన గదా!" అంటూ నర్సమ్మ కంచాలు పెట్టింది.

ఆయన డబ్బా మూత మళ్లీ బిగించారు. పప్పులో ఉప్పు తక్కువైంది. పొట్లం మాత్రం విప్పలేదు.