తెల్లబడ్డ పగడాలు

ఆ ఇంట్లో అల్లుడికి తనదంటూ ఉన్నది మెడ మీద తలకాయ ఒక్కటే. అదీ ఊపడానికే ఎక్కువ పనికొచ్చేది. కింద మామగారి ఫొటో స్టూడియో, పైన మామగారి ఇల్లు. పొద్దున మెట్లు దిగి పాస్‌పోర్టు ఫొటోలు తీస్తాడు, సాయంత్రం మెట్లెక్కి ఆయన ఎదురుగానే కూర్చుని భోంచేస్తాడు. మధ్యలో ఊపిరి పీల్చుకోవడానికి ఆ మెట్లు తప్ప వేరే చోటు లేదు.

రెండు వీధుల అవతల రెండు గదుల వాటా ఒకటి చూసి వచ్చారు, అతనూ భార్యా. సంగతి మామగారి చెవిన వేసింది కూతురే.

"వెళ్లండమ్మా, నేనేమన్నా మిమ్మల్ని కట్టేశానా?" అన్నాడాయన. "ఈ తొట్టికి మంచి లైటు పెట్టి, నా పగడాలు కళకళలాడేలా చేసి మరీ వెళ్లమను మీ ఆయన్ని."

హాల్లో ఉప్పునీళ్ల అక్వేరియం ఆయన పంచప్రాణాలు. అందులో బతికున్న పగడాలు, కొన్ని కొమ్మల్లా, కొన్ని పుట్టగొడుగుల్లా. పాత ట్యూబులైటు కింద అవన్నీ బురదరంగుకి తిరిగాయి. అల్లుడు మధ్యాహ్నం తిండి మానేసి అక్వేరియం కొట్టు చుట్టూ తిరిగాడు.

"పగడం ఒంట్లో కంటికి కనబడని నాచు ఉంటుందండీ. వెలుతురు తిని అది దీనికి వండిపెడుతుంది," అని కొట్టాయన విడమరిచి చెప్పాడు. "తెలుపు కంటే నీలం ఎక్కువుండే లైటు తీసుకోండి. మూరెడు ఎత్తున కట్టి, మొదట పావువంతే వెలిగించండి. వారానికింత పెంచుకుంటూ పోవాలి. తొందరపడ్డారో, అంతే సంగతులు."

తెలుపుకీ నీలానికీ వేరువేరు మీటలున్న లైటు తెచ్చి, చెప్పింది చెప్పినట్టే కట్టాడు. మామగారు మొహం చిట్లించాడు.

"ఏమిటయ్యా ఈ గుడ్డి నీలం? చేపలకి జ్వరమొచ్చినట్టుంది! జన్మంతా మనుషుల మొహాల మీద లైట్లు కొట్టినవాణ్ణి, వెలుగంటే ఏమిటో నాకు తెలీదా?"

వారానికింత పెంచుకుంటూ పోతే రెండు నెలలు. వాటా ఇంటావిడ నెలాఖరు దాటితే ఆగనంది. ఓ మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేని సమయం చూసి అల్లుడు లైటుని జానెడు ఎత్తుకి దింపి, రెండు మీటలూ చివరిదాకా తిప్పేశాడు. తొట్టి పెళ్లిపందిరిలా వెలిగిపోయింది. మామగారి మొహం చాటంత అయింది.

పది రోజులు తిరక్కుండానే కొమ్మలు ఒక్కొక్కటే తెల్లబడ్డాయి. ఎండదెబ్బ తిన్న పగడం తనకి అన్నం పెట్టే నాచునే బయటికి ఉమ్మేస్తుందట. ఆ తెలుపు ఆకలిది. ఆ సంగతి ఇంట్లో తెలిసింది అల్లుడొక్కడికే. చూడవచ్చిన చుట్టాలకేం తెలుసు పాపం!

"అబ్బ, మల్లెపూలేనండీ!" అంది పిన్నత్తగారు.

మామగారు ఉబ్బితబ్బిబ్బై రకరకాల కోణాల్లో ఫొటోలు తీసి, ఒకటి పెద్దది చేయించి స్టూడియో గుమ్మంలో తగిలించాడు. "పనిమంతుడివయ్యా! ఆదివారం నేనే దగ్గరుండి మిమ్మల్ని ఆ ఇంట్లో దింపుతాను," అన్నాడు.

నోరు మూసుకుంటే చాలు, గడప దాటినట్టే. భార్య పాటలు పాడుకుంటూ పెట్టెలు సర్దుతోంది. అల్లుడికి మాత్రం మింగలేక కక్కలేక ప్రాణం పోతోంది. తొట్టి ముందుకి వెళ్లడానికే సిగ్గేసింది. కొట్టాయనకి ఫోన్ చేశాడు.

"ఇంకా చావలేదండీ. ఇప్పుడే లైటు తగ్గిస్తే తేరుకోవచ్చు. కానీ రోజూ ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. నెలలు పడుతుంది, ఏడాదైనా పట్టచ్చు."

ఆదివారం సామాన్ల బండి వాకిట్లో ఆగింది. మామగారు చొక్కా చేతులు పైకి మడిచి మొదటి పెట్టె ఎత్తబోతున్నాడు.

"మావయ్యగారూ, అవి అందంగా అవలేదు. చచ్చిపోతున్నాయి. తొందరగా వెళ్లిపోవాలని నేనే లైటు మొత్తం పెంచేశాను," అన్నాడు అల్లుడు, ఒక్క గుక్కలో.

మామగారి కోపం వీధి చివరిదాకా వినబడుతుంది. ఆ కేక కోసమే అల్లుడు తలవంచుకుని నిలబడ్డాడు. నిజం చెప్పాలంటే, దాని మీద కొండంత ఆశ పెట్టుకున్నాడు. "పోరా బయటికి!" అని ఒక్క మాటంటే బండి ఎలాగూ సిద్ధంగానే ఉంది.

ఆయన అరవలేదు. తొట్టి దాకా వెళ్లి, అద్దానికి మొహం ఆనించి చాలాసేపు చూశాడు. తిరిగి వచ్చేసరికి కళ్లు తడిగా ఉన్నాయి.

"చెప్పకుండా వెళ్లిపోతే నాకు తెలిసేదే కాదు కదయ్యా," అంటూ అల్లుడి భుజం మీద చెయ్యి వేశాడు. "వెళ్లలేదు నువ్వు. కన్నకొడుకైనా ఇలా చెప్పడు. ఇలాంటివాణ్ణి వదులుకుంటే నా అంత వెర్రివాడు ఉంటాడా? వీటిని బతికించేది నువ్వేరా." ఆ చెయ్యి తీయకుండానే వాకిట్లోకి కేకేశాడు. "ఇదిగో, బండి వెనక్కి తీసుకుపోవయ్యా!"

భార్య చేతిలోని పెట్టె కింద పెట్టేసింది. ఫోన్ తీసుకుని కిటికీ వైపు తిరిగింది.

"రాలేమండీ... లేదండీ, వచ్చే నెల కూడా కుదరదు. మీరు వేరేవాళ్లకి ఇచ్చేయండి."

అల్లుడు స్టూలెక్కి లైటుని మూరెడు పైకి కట్టి, మీటలు తగ్గించాడు. కిటికీ పరదాలు కూడా వేసేశాడు. హాలంతా నీలంగా మసకబారింది. ఫోన్ పెట్టేసి ఇటు తిరిగిన భార్య మొహం ఆ మసకలో సరిగా కనబడలేదు. అందుకు సంతోషించి, ఇంకాస్త తగ్గించాడు.